ఎస్‌సీఆర్‌లో సగం కరెంటు ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: 230 వోల్టుల సింగిల్ ఫేజ్ హాఫ్ కంట్రోల్డ్ బ్రిడ్జి (రెండు ఎస్‌సీఆర్‌లు, అంటే గేటు పల్సుతో ఆన్ అయ్యే స్విచ్చులు, రెండు డయోడ్‌లతో ఏసీని డీసీ చేసేది), ఫ్రీవీలింగ్ డయోడ్ (ఎస్‌సీఆర్‌లు ఆగి ఉన్నప్పుడు కాయిల్ కరెంటుకు దారి ఇచ్చేది) ఉంది. మోటారు ఫీల్డ్ కాయిల్ 10 ఓములు. ఫైరింగ్ కోణం (అర్ధ తరంగంలో ఎస్‌సీఆర్ ఆన్ అయ్యే చోటు) 60°. లోడులో 15.5 ఆంపియర్లు చూపిస్తోంది. రెండు ఎస్‌సీఆర్‌లు కదా, ఒక్కోదానికి 7.75 రావాలి. 5.2 మాత్రమే వస్తోంది, ఎందుకండీ?

జవాబు: మీ మీటరు సరిగ్గానే ఉందండీ, సగం చేయడమే పొరపాటు. సగటు వోల్టేజి 0.9 × 230 × (1 + కాస్ 60°) ÷ 2, అంటే 155 వోల్టులు. కాయిల్ ఇండక్టెన్స్ ఎక్కువ కాబట్టి 15.5 ఆంపియర్లు దాదాపు నిలకడగా పారుతుంది. అయితే ఒక్కో ఎస్‌సీఆర్ 360°లో 60° నుంచి 180° దాకా, 120° మాత్రమే పనిచేస్తుంది. 15.5లో మూడో వంతు 5.2. సున్నా నుంచి 60° వరకు, 180° నుంచి 240° వరకు కరెంటు ఫ్రీవీలింగ్ డయోడ్‌దే, దానికీ 5.2 వస్తుంది.

సగటు చూడాలంటే మూవింగ్ కాయిల్ మీటరే వాడండి. మూవింగ్ ఐరన్ మీటరు ఆర్ఎంఎస్ (వేడిని లెక్కించే విలువ) చూపుతుంది, ఇక్కడ అది 9 ఆంపియర్లు.

ఎస్‌సీఆర్‌ను మాత్రం 60° లెక్కతో కొనకండి. కోణం సున్నాకు తెస్తే లోడు 20.7కు, ఎస్‌సీఆర్ సగటు 10.35కు చేరుతుంది. ఫ్రీవీలింగ్ డయోడ్‌కు గరిష్ఠం 75° దగ్గర, సుమారు 5.4. ఆ డయోడ్ తెగిపోతే, గేటు పల్సులు ఆపినా ఒక ఎస్‌సీఆర్ ఆరకుండా కాయిల్‌కు కరెంటు పంపుతూనే ఉంటుంది.