కోరుకున్నది దొరికాక కూడా వెలితి ఎందుకు?

"కథల్లో అందరూ చివరికి సుఖంగా ఉంటారు, నాకు మాత్రం కోరుకున్నది దొరికాక కూడా వెలితిగానే ఉంది, లోపం నాలోనే ఉందా?" అని అడిగారు. పెళ్లయిన కొత్తలో నేనూ ఇదే అనుకునేదాన్ని.

ఆరేళ్లు వేర్వేరు ఊళ్లలో ఉంటూ, రోజూ ఫోన్‌లో మాట్లాడుకుంటూ పెళ్లి దాకా వచ్చాం. ఒకే ఇంట్లో ఉంటే చాలు, ఇక ఏ బాధా ఉండదని గట్టిగా నమ్మాను. మూడో నెలలో ఒక రాత్రి ఇద్దరికీ కంచాలు పెట్టి కూర్చున్నాను. ఆరేళ్లు ఫోన్‌లో నా గొంతు కోసం ఎదురుచూసిన మనిషి, నేను ఎదురుగా కూర్చుంటే ఆ ఫోన్ వంకే చూస్తూ తింటున్నాడు. గొడవేమీ లేదు. బాత్రూంలోకి వెళ్లి, కుళాయి తిప్పి ఏడ్చాను.

తర్వాత ఒక విషయం చదివాను. 1978లో అమెరికాలో ముగ్గురు పరిశోధకులు లాటరీ గెలిచిన 22 మందిని మామూలు మనుషులతో పోల్చి చూశారు. గెలిచినవాళ్ల సంతోషం మిగతావాళ్లకంటే చెప్పుకోదగ్గంత ఎక్కువేమీ లేదు. పైగా స్నేహితులతో కబుర్లు, పొద్దున టిఫిన్ లాంటి చిన్న చిన్న వాటిలో వాళ్లకు దొరికే ఆనందమే తక్కువట. మనసు దేనికైనా అలవాటు పడిపోతుంది, అది మీ ఒక్కరి లోపం కాదు.

కథలు కూడా మొదట్లో ఇంత తీయగా లేవు. 1697లో షార్ల్ పెరో అనే రచయిత ఫ్రెంచిలో అచ్చు వేసిన నిద్రసుందరి (స్లీపింగ్ బ్యూటీ) కథ పెళ్లితో ఆగదు. అత్తగారు రాక్షసి, కోడలినీ పసిపిల్లల్నీ తినాలని చూస్తుంది! ఆ సగాన్ని మనమే కోసేసి కథను కంచికి పంపేస్తున్నాం. ఇంటికి వచ్చాక ఏం జరుగుతుందో ఎవరూ చెప్పరు.

నేను నా బాధ బయటపెట్టడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. తను కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకూ అలాగే ఉంది, చెబితే నువ్వు కుంగిపోతావని ఊరుకున్నాను" అన్నాడు. ఇద్దరం పక్కపక్కనే ఉండి, ఎవరికి వాళ్లం ఓడిపోయామనుకుంటున్నాం! మీరు కూడా ముందు మీవాళ్లతో ఒకసారి నోరు విప్పి చెప్పండి.

ఇప్పటికి తొమ్మిదేళ్లు. రాత్రి లైటు తీసేశాక చీకట్లో మాట్లాడుకుంటాం. ఫోన్‌లో లాగే మొహాలు కనబడవు కాబట్టి మాటలు తేలిగ్గా వస్తాయి. కొన్ని రాత్రులు అలసిపోయి ఏమీ మాట్లాడుకోకుండానే నిద్రపోతాం. అప్పట్లోలాగా దానికి ఇప్పుడు భయం వేయదు.