డ్యూయల్ బ్యాటరీ వేప్ మాడ్ ఛార్జింగ్ మూడు గంటల నుంచి ఆరు గంటలకు పెరిగింది, బ్యాటరీలు మార్చాలా?

ఇప్పుడే కొనకండి. మీరు ఇచ్చిన వివరాల్లోనే సగం జవాబు ఉంది. రెండు 18650 బ్యాటరీలు (గుండ్రటి, పొడుగాటి లిథియం సెల్‌లు) పట్టే మాడ్ (ఈ-సిగరెట్‌లో బ్యాటరీలు, చిప్ ఉండే పెట్టె భాగం), ఒక్కో బ్యాటరీ సామర్థ్యం 3000 ఎంఏహెచ్, మాడ్ మీద 5 వోల్టులు 2 యాంప్‌లు అని రాసుంది, కొత్తలో మూడు గంటల్లో నిండేది, ఇప్పుడు ఆరు దాటుతోంది, 65 వాట్ల అడాప్టర్ పెట్టి చూసినా మార్పు లేదు, కేబుల్ మాత్రం పాతదే అన్నారు. ఒక చిన్న లెక్క వేద్దాం. 3000 ఎంఏహెచ్‌ని సగటు 3.7 వోల్టులతో గుణిస్తే 11 వాట్ అవర్లు, రెండు బ్యాటరీలకు 22. మాడ్ 5 వోల్టుల దగ్గర 2 యాంప్‌లు తీసుకుంటే 10 వాట్లు, అందులో కొంత వేడి కింద పోతుంది, చివర్లో కరెంటు ఎలాగూ తగ్గుతుంది కాబట్టి మొత్తం మూడు గంటలు. అదే 1 యాంప్ మాత్రమే వెళ్తే ఐదున్నర, ఆరు గంటలు. అంటే మీ మాడ్‌లోకి ఇప్పుడు సగం కరెంటే వెళ్తున్నట్టుంది. బ్యాటరీ పాతబడితే లక్షణాలు మామూలుగా ఇలా ఉండవు. అప్పుడు ఛార్జింగ్ త్వరగానే ఎక్కినట్టు కనిపించి, వాడేటప్పుడు అంతే త్వరగా దిగిపోతుంది. మీకు వాడకంలో తేడా ఏమీ రాలేదన్నారు కదా, అందుకే నా అనుమానం బ్యాటరీల మీదకు పోవడం లేదు.

పెద్ద అడాప్టర్ పెట్టినా ఎందుకు మారలేదో కూడా చెప్తాను, ఎందుకంటే చాలామంది ముందు డబ్బులు పెట్టేది అక్కడే. అడాప్టర్ కరెంటును బలవంతంగా లోపలికి తోయదు. ఎంత కావాలో లాక్కునేది మాడ్‌లో ఉన్న ఛార్జింగ్ చిప్. దాని పరిమితి 2 యాంప్‌లైతే 65 వాట్లది పెట్టినా, 100 వాట్లది పెట్టినా అంతకు మించి తీసుకోదు. అడాప్టర్ చిన్నదైతే మాత్రం తేడా తెలుస్తుంది. కంప్యూటర్‌కి ఉండే పాత యూఎస్‌బీ 2.0 పోర్టు మామూలుగా ఇచ్చేది 500 మిల్లీయాంప్‌లే, 3.0 అయితే 900. అక్కడ పెట్టి ఎక్కట్లేదంటే మాడ్‌ని అని లాభం లేదు. మాన్యువల్‌లో ఫాస్ట్ ఛార్జర్ వాడొద్దని రాసి ఉంటే ఆ మాట వినండి, మామూలు 5 వోల్టుల 2 యాంప్‌ల అడాప్టర్ సరిపోతుంది.

ఇక కేబుల్. నా మాడ్‌కి సరిగ్గా ఇదే సమస్య వచ్చినప్పుడు యూఎస్‌బీ మీటర్ ఒకటి తెచ్చి పెట్టాను. వేలెడంత ఉంటుంది, ఎన్ని వోల్టులు, ఎన్ని యాంప్‌లు వెళ్తున్నాయో తెర మీద చూపిస్తుంది, ఖరీదు కూడా పెద్దగా ఉండదు. దాన్ని అడాప్టర్ వైపు పెడితే కేబుల్‌లో ఎంత పోతోందో తెలియదు, మాడ్ వైపు చివర పెట్టాలి, కాబట్టి సీ టైప్‌ది తీసుకోండి. నేను వాడుతున్నది రెండు మీటర్ల పొడుగు, సన్నటి కేబుల్. మాడ్ తగిలించకముందు మీటర్ 5.1 వోల్టులు చూపించింది. తగిలించగానే 4.4కి జారింది, కరెంటు 0.9 దగ్గర ఊగిసలాడుతూ ఉండిపోయింది. అదే అడాప్టర్‌కి పొట్టి, లావు కేబుల్ పెడితే 4.9 వోల్టులు, 1.8 యాంప్‌లు. మిగతావన్నీ అవే, మారింది కేబుల్ ఒక్కటే. కారణం లోపలి రాగి తీగ సన్నం కావడమే. చవక కేబుళ్లలో ఎక్కువగా వాడే 28 గేజ్ (ఈ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది) తీగకు మీటరుకి 0.2 ఓమ్‌లకు కొంచెం పైనే నిరోధం ఉంటుంది, రెండు మీటర్లు పోయి రెండు మీటర్లు తిరిగి రావాలి కాబట్టి మొత్తం 0.85 ఓమ్‌ల దాకా అవుతుంది. 1 యాంప్ వెళ్తే 0.85 వోల్టులు దారిలోనే ఖర్చు. అటువైపు వోల్టేజీ పడిపోవడం గమనించి చాలా ఛార్జింగ్ చిప్‌లు తమంతట తామే కరెంటు తగ్గించేసుకుంటాయి. 24 గేజ్ అయితే నిరోధం ఇందులో సగం కూడా ఉండదు. కాబట్టి మొదట అరమీటరు, మీటరు లోపు ఉన్న మంచి కేబుల్ ఎవరిదగ్గరైనా అడిగి తెచ్చి ఒక గంట పెట్టి చూడండి. మాడ్‌తో పాటు డబ్బాలో వచ్చిన కేబుల్ కదా, అది మంచిదే అయి ఉంటుందని అనుకోకండి, చాలాసార్లు అన్నిటికన్నా సన్నగా ఉండేది అదే.

ఇక్కడే ఇంకో విషయం. రెండు వైపులా సీ టైప్ ఉన్న కేబుల్‌తో అసలు ఛార్జింగే ఎక్కకపోతే కంగారు పడకండి. చవకగా చేసిన కొన్ని పరికరాల్లో సీ పోర్టుకి ఉండాల్సిన 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు పెట్టరు, దాంతో అవతల ఏదో తగిలించారన్న సంగతే అడాప్టర్‌కి తెలియదు. ఒకవైపు పాత వెడల్పాటి ఏ టైప్ ఉన్న కేబుల్ పెడితే ఎక్కుతుంది.

కేబుల్ మార్చినా అంతే ఉంటే పోర్టు చూడాలి. వేప్‌లకి ఇది ఫోన్ల కన్నా ఎక్కువ ముఖ్యం, ఎందుకంటే ఇక్కడ ధూళితో పాటు ఆవిరి కోసం పోసే లిక్విడ్ కూడా ఉంటుంది. ఆ లిక్విడ్ నింపే ట్యాంక్ కింది నుంచి కారిన చుక్క మాడ్ ఒంటి మీదుగా జారి పోర్టులోకి దిగుతుంది, జేబులోని నూగు వచ్చి దానికి అంటుకుంటుంది, మీరు కేబుల్ గుచ్చిన ప్రతిసారీ ఆ ముద్ద ఇంకాస్త లోపలికి నొక్కుకుపోతుంది. టార్చ్ వేసి చూస్తే మధ్యలో నాలుకలాంటి పట్టీ, దాని చుట్టూ అడుగున బూడిద రంగులో జిగటగా అట్టకట్టినది కనిపిస్తుంది. కేబుల్ పెట్టినప్పుడు టక్‌మని కూర్చోకపోయినా, కొంచెం కదిపితే లైటు ఆరి వెలుగుతున్నా ఇదే అయి ఉండొచ్చు. మీరు లైటు మధ్యమధ్యలో మినుకుమంటోందని కూడా రాశారు కాబట్టి దీన్ని తప్పకుండా చూడండి. మాడ్ ఆపి, బ్యాటరీలు బయటికి తీసి, సన్నటి చెక్క పుల్లతోనో ప్లాస్టిక్ పుల్లతోనో మెల్లగా గీకి తీయండి. సూదులు, పిన్నీసులు వద్దు, లోపల కాంటాక్టులు షార్ట్ అవుతాయి లేదా వంగిపోతాయి. మిగిలిన జిగటకి మెత్తటి బ్రష్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి తుడిచి, పూర్తిగా ఆరాకే బ్యాటరీలు పెట్టండి. పనిలో పనిగా బ్యాటరీలు కూర్చునే చోట ఉన్న లోహపు పట్టీలు, స్ప్రింగులు కూడా తుడవండి. అక్కడ నల్లబడినా లిక్విడ్ చేరినా కాంటాక్టు దెబ్బతింటుంది.

ఛార్జింగ్‌లో ఉండగా వాడుతున్నారా అన్నది మీరు చెప్పలేదు. వాడుతుంటే మాత్రం లెక్క మొత్తం మారిపోతుంది. 10 వాట్లు లోపలికి వెళ్తుంటే 60 వాట్లతో బయటికి లాగుతున్నారు, పైగా బ్యాటరీలు వేడెక్కుతాయి, చిప్ కూడా వేడెక్కుతుంది, వేడి ఎక్కువైతే చిప్ కరెంటు తగ్గించేస్తుంది. వరసగా పీల్చి వేడిగా ఉన్న మాడ్‌ని వెంటనే ఛార్జింగ్‌కి పెట్టినా ఇదే కథ. కాసేపు చల్లారనివ్వండి. బ్యాటరీలు పూర్తిగా అడుగంటేదాకా వాడే అలవాటున్నా మొదటి కొంతసేపు నెమ్మదిగానే ఎక్కుతుంది. సెల్ వోల్టేజీ సుమారు 3 వోల్టుల కన్నా దిగితే చిప్ దాదాపు పదో వంతు కరెంటుతో మొదలుపెట్టి, అది కోలుకున్నాకే పూర్తి వేగానికి వెళ్తుంది. అది సెల్‌ని కాపాడటానికి పెట్టిన ఏర్పాటు.

చివరి పది, ఇరవై శాతం నత్తనడక నడవడం మాత్రం జబ్బు కాదు. లిథియం బ్యాటరీ 4.2 వోల్టులకు చేరేదాకా ఒకే కరెంటు వెళ్తుంది, ఆ తర్వాత వోల్టేజీని అక్కడే నిలిపి కరెంటును తగ్గిస్తూ పోతారు. అయితే మీలాగా రెండు బ్యాటరీలు ఉన్నప్పుడు 95 శాతం దగ్గర గంటల తరబడి ఆగిపోతుంటే, రెండూ సమానంగా లేవేమో చూడాలి. ఒకటి ముందే నిండిపోతే రెండోది అందుకునేదాకా బ్యాలెన్సింగ్ సర్క్యూట్ ఆగాల్సి వస్తుంది. సగం వాడాక రెండూ బయటికి తీసి మల్టీమీటర్‌తో కొలవండి. ఒకటి 3.8, ఇంకోటి 3.5 ఉంటే ఆ జత చెడినట్టే, అప్పుడు కొత్తవి కొనండి. రెండూ ఒకేసారి, ఒకే రకం కొని, ఎప్పుడూ జంటగానే వాడుతూ జంటగానే ఛార్జ్ చేయాలి. పాతదానికి కొత్తది జత చేయడం ఏ పరిస్థితిలోనూ వద్దు.

సింగిల్ పెన్ (పెన్నులా సన్నగా ఉండే ఒకే బ్యాటరీ వేప్) వాడేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, స్క్రూలా తిప్పి పెట్టే 510 (వేప్‌లలో మామూలుగా ఉండే మరల రకం) ఛార్జర్లలో చాలావాటిది 420 మిల్లీయాంప్‌లే, 1100 ఎంఏహెచ్ బ్యాటరీకి మూడు గంటలు పట్టడం మామూలే. మరీ బిగించి తిప్పితే మధ్యలో ఉండే చిన్న పిన్ను కిందకి దిగిపోయి కాంటాక్టు సరిగా అందదు, చేతికి అందినంత తిప్పి వదిలేయండి.

నా మట్టుకు నేను, మీటర్‌లో ఆ అంకెలు చూశాక, బ్యాటరీలు బయటికి వచ్చే మాడ్‌లన్నిటికీ విడి ఛార్జర్‌కి మారాను. ఒక్కో సెల్‌కి విడిగా 1 యాంప్ చొప్పున వెళ్తుంది, బ్యాలెన్స్ గొడవ ఉండదు, మాడ్ పోర్టు కూడా అరగదు. ఇంకా వేగం కావాలని మాత్రం ఆరాటపడకండి. సామ్‌సంగ్ 25ఆర్ లాంటి గట్టి సెల్‌కే కంపెనీ చెప్పే మామూలు ఛార్జింగ్ కరెంటు 1.25 యాంప్‌లు, నిండటానికి మూడు గంటలు.

ఈ పరీక్షలన్నీ మొదలుపెట్టే ముందే ఒక పని చేయండి, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. బ్యాటరీలు తీసి చుట్టూ ఉన్న ప్లాస్టిక్ తొడుగు ఎక్కడైనా చిరిగిందా, పాజిటివ్ వైపు రింగు ఊడిందా, సొట్ట పడిందా చూడండి. ఛార్జింగ్‌లో గోరువెచ్చగా ఉంటే పరవాలేదు, చేత్తో పట్టుకోలేనంత వేడి, ఉబ్బు, ఘాటు వాసన, బుస్సుమనే చప్పుడు, వీటిలో ఏది ఉన్నా ఇక ఆ బ్యాటరీతో ప్రయోగాలు వద్దు. అమెరికా అగ్నిమాపక సంస్థ 2009 నుంచి 2016 దాకా మీడియాలో వచ్చిన ఈ-సిగరెట్ మంటలు, పేలుళ్లు 195 లెక్కతేలిస్తే, అందులో 48 ఛార్జింగ్‌లో ఉండగా జరిగినవే. ఆరు గంటలు పడుతోందని రాత్రి పెట్టి పడుకుంటున్నానని రాశారు, ఆ ఒక్కటి ఈరోజే మానేయండి. సమస్య తేలేదాకా మెలకువగా ఉన్నప్పుడే, మంచం, దిండ్లు లాంటివి దగ్గర లేని గట్టి నేల మీద పెట్టండి.

కేబుల్ మార్చి, పోర్టు తుడిచాక మాడ్ వైపు మీటర్‌లో ఎన్ని వోల్టులు, ఎన్ని యాంప్‌లు చూపిస్తోందో ఇక్కడ రాయండి. వోల్టేజీ 4.8 పైన ఉండి కూడా కరెంటు 1 యాంప్ దాటకపోతే లోపలి ఛార్జింగ్ బోర్డునే అనుమానించాలి, అప్పుడు మాడ్‌ని విప్పకుండా విడి ఛార్జర్ తీసుకోవడమే మంచిది.