ఉష్ణమోచకం: విడిచిన వేడికి ఋణ చిహ్నం ఎందుకు?

సందేహం: మా అమ్మాయి ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతోంది. రసాయన శాస్త్రంలో 'ఉష్ణమోచక చర్య' అనే మాట దగ్గర మా ఇద్దరికీ వాదం వచ్చింది. శాపవిమోచనం, ఋణవిమోచనం అన్నప్పుడు వాటి బారి నుంచి బయటపడటమే అర్థం కనుక, ఉష్ణమోచకం అంటే వేడి బాధ తప్పించేది, అనగా చల్లబరిచేది కావాలి కదా! పైగా ఆ చర్యలో ఎంథాల్పీ (పదార్థాల శక్తిని లెక్కగట్టే ఒక రాశి) మార్పు 'ఋణాత్మకం' అని రాశారు. వేడిని ఇచ్చినవాడు ఋణదాత అవుతాడు గాని ఋణగ్రస్తుడు ఎలా అవుతాడు? ఈ పదాలు తప్పుగా కట్టినవా?

సమాధానం: పదాలు తప్పుగా కట్టినవి కావు. అయితే మీ అభ్యంతరం కొట్టిపారేయదగినది కాదు. పరీక్షలో విద్యార్థులు చేసే తప్పులలో కొన్నింటికి మూలం సరిగ్గా ఇక్కడే ఉంది.

'ముచ్' ధాతువుకు విడుచుట అని అర్థం. శాపవిమోచనంలో విడుదల పొందేది మనిషి; అతడు దేని నుంచి బయటపడ్డాడో ఆ శాపం సమాసంలో పూర్వపదంగా నిలిచింది కాబట్టి 'శాపము నుండి విమోచనము' అని పంచమీ విభక్తితో విగ్రహవాక్యం చెప్పుకుంటాం. 'అశ్రుమోచనం' దగ్గరకు వస్తే ఈ అన్వయం చెల్లదు. అది కన్నీటి నుంచి బయటపడటం కాదు, కన్నీరు విడవటం. అక్కడ పూర్వపదం విడువబడే వస్తువు, అంటే కర్మ. అమరకోశంలో మేఘానికి చెప్పిన పేర్లలో 'జలముక్' ఒకటి: నీటిని విడిచేది అని అర్థమే గాని, నీటి పీడ వదిలించేది అని ఎవరూ అనుకోరు. ఉష్ణమోచకం ఈ జలముక్కు కుదురులోనిది, శాపవిమోచనం కుదురులోనిది కాదు. ఉష్ణమును మోచించునది, వేడిని బయటకు విడిచేది అన్నమాట. ఒకే ధాతువు రెండు రకాల అన్వయాలకు చోటిస్తున్నప్పుడు సందర్భమే తీర్పరి కావాలి. పక్కనే 'ఉష్ణగ్రాహకం' (వేడిని లోపలికి తీసుకునేది) అనే జంటపదం నిలబడి ఉన్నది కనుక ఇక్కడ ఆ తీర్పు కష్టం కాదు.

మోచక, గ్రాహక, జనక శబ్దాల చివరనున్న 'అక' కర్తను తెలిపే ప్రత్యయం. మనకు కావలసింది ఈ కర్త ఎవరు అన్నది. ఉష్ణమోచకం అనే విశేషణం 'చర్య'కు చేర్చినది. వేడిని విడిచేది చర్య. ఆ వేడిని అందుకునేవి చుట్టూ ఉన్న నీరు, గిన్నె, గాలి, మన చెయ్యి. వీటినే పాఠ్యపుస్తకాలు పరిసరాలు అంటాయి. చర్య జరిగే పదార్థం వ్యవస్థ.

సున్నాన్నే చూడండి. పొడిసున్నం మీద నీళ్లు పోయగానే బుస్సుమని పొంగి, ఆవిరి లేచి, తొట్టి అంచు చెయ్యి పెట్టలేనంతగా కాలిపోతుంది. 56 గ్రాముల పొడిసున్నం 18 గ్రాముల నీటితో కలిసి తడిసున్నం అయ్యేటప్పుడు దాదాపు 65 కిలోజౌళ్ల వేడి బయటపడుతుంది. ఇది ఉష్ణమోచకం. ఆ పొడిసున్నం తయారైన బట్టీ దగ్గర జరిగేది దీనికి ఎదురు: 100 గ్రాముల సున్నపురాయి విడిపోయి పొడిసున్నమూ కార్బన్ డయాక్సైడూ కావాలంటే సుమారు 178 కిలోజౌళ్లు తాగుతుంది. అది ఉష్ణగ్రాహకం. బట్టీ వేడిగానే ఉన్నా, ఆ వేడి ఇచ్చింది రాయి కాదు, కింద మండే బొగ్గు. ఇక పైరు మీద పిచికారీ కోసం యూరియాను బకెట్ నీటిలో కలిపిన రైతును అడగండి, బకెట్ చల్లబడిందని చెబుతాడు. కరగటం ఉష్ణగ్రాహకం, గ్రహించినది యూరియా, పోగొట్టుకున్నది నీరు. 'వేడిని గ్రహిస్తే వేడెక్కాలి కదా' అని మీ అమ్మాయి అడిగితే, మీరు తాకి చూస్తున్నది గ్రహించినదాన్ని కాదు, ఇచ్చుకున్నదాన్ని అని చెప్పండి.

అసలు ఇంగ్లీషులో ఎక్సోథెర్మిక్, ఎండోథెర్మిక్ అనే ఈ జంటను మొదట కట్టినవాడు 19వ శతాబ్దపు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త మార్సెలాఁ బెర్తెలో. గ్రీకులో ఎక్సో అంటే బయట, ఎండో అంటే లోపల. ఆయన దిక్కును చెప్పి ఊరుకున్నాడు. మనవాళ్లు క్రియను చెప్పారు. హిందీవారు ఊష్మాక్షేపీ, ఊష్మాశోషీ అని వేడిని విసిరేది, పీల్చేది అన్నారు. తమిళులు 'వెప్ప ఉమిళ్ వినై' అన్నారు. ఆ ఉమిళ్, మన ఉమియు ఒక్క మూలంలోనివే, అంటే వేడిని ఉమిసే చర్య. ఆ సొగసు నాకు మన మోచకంలో కనబడదని ఒప్పుకుంటాను.

ఇక ఋణం సంగతి. లోకవ్యవహారంలో ఋణం ఇద్దరి మధ్య సంబంధం, గణితంలో ఒక ఖాతా స్థితి. బ్రహ్మగుప్తుడు 628లో రచించిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో ధన, ఋణ సంఖ్యలకు సూత్రాలు చెప్పాడు. మాటలు సొమ్ము, అప్పు అయినా, లెక్కలోకి వచ్చేసరికి వాటికి పెరుగుదల, తరుగుదల అన్నదే తాత్పర్యం. ఎంథాల్పీ మార్పు అంటే క్రియాజన్యాల (చర్యలో ఏర్పడిన పదార్థాల) ఎంథాల్పీలో నుంచి క్రియాజనకాల (చర్యకు దిగిన పదార్థాల) ఎంథాల్పీని తీసివేయగా వచ్చినది. వ్యవస్థ వేడిని బయటకు ఇచ్చేసింది కనుక చివరి విలువ మొదటి విలువకంటే తక్కువ, తీసివేస్తే ఋణ సంఖ్య. దాత, గ్రహీత అన్న ప్రసక్తి ఇక్కడ లేదు. ఇచ్చినవాడి సంచి తరిగింది, అంతే.

మీకు ఊరటనిచ్చే మాట ఒకటి ఉంది. బెర్తెలో కాలంలో లెక్కను పరిసరాల వైపు నుంచి చూసి, వెలువడిన వేడికే ధన చిహ్నం వేసేవారు. మీరు కోరినది అదే. దాని ఆనవాలు నేటికీ పోలేదు. 16 గ్రాముల మీథేన్ మండితే 'దహనోష్ణం 890 కిలోజౌళ్లు' అని ఒకచోట, 'దహన ఎంథాల్పీ మార్పు −890 కిలోజౌళ్లు' అని మరొకచోట కనిపిస్తుంది. రెండూ సరైనవే, చూసే ఒడ్డు మారింది. అయితే 'ఎంథాల్పీ −890 కిలోజౌళ్లు విడుదలైంది' అని రాయకూడదు. విడుదల అన్న మాటలోనే తరుగు ఉంది. దానికి మళ్లీ ఋణ చిహ్నం తగిలిస్తే లోపలికి వచ్చిందని అర్థం పుడుతుంది. ఇది రసాయన దోషం కంటే ముందు భాషాదోషం.

మోచకం మాట వల్ల వచ్చే మరో పొరపాటు ఇంకా లోతైనది. బంధవిమోచనం, బంధవిముక్తి అంటే మనకు హాయి. కాబట్టి రసాయన బంధం తెగితే శక్తి విడుదలవుతుందని పిల్లలు సులువుగా నమ్ముతారు. జరిగేది తలకిందులు. ఒక మోల్ (పదార్థ పరిమాణానికి రసాయన శాస్త్రంలో వాడే కొలత) హైడ్రోజన్‌లోని బంధాలు తెంచటానికి 436, ఒక మోల్ క్లోరిన్‌లోని బంధాలు తెంచటానికి 242, మొత్తం 678 కిలోజౌళ్లు మనం పెట్టాలి. ఆపైన రెండు మోల్‌ల హైడ్రోజన్ క్లోరైడ్ బంధాలు ఏర్పడేటప్పుడు 431 చొప్పున 862 కిలోజౌళ్లు వెలువడతాయి. రాబడిలో ఖర్చు పోగా మిగిలిన 184 కిలోజౌళ్లే బయటకు వచ్చే వేడి. ఎంథాల్పీ మార్పు −184. చర్య ఉష్ణమోచకమైంది కొత్త బంధాలు బిగిసినందువల్ల, పాతవి తెగినందువల్ల కాదు. అందుకే పాఠ్యపుస్తకాలు బంధ 'విచ్ఛేదన' ఎంథాల్పీ అంటాయి. ఛేదించటానికి గొడ్డలి కావాలని ఆ మాట గుర్తుచేస్తుంది.

ఎంథాల్పీకి తెలుగు ఎందుకు చేయలేదని కూడా కొందరు అడుగుతుంటారు. గ్రీకు ధాతువుల ప్రకారం అది 'లోపల వేడిచేయు' అన్న భావం నుంచి పుట్టింది. దానిని 'లోవేడి' అని అనువదిస్తే వినసొంపుగానే ఉంటుంది గాని అబద్ధం చెబుతుంది. అది వ్యవస్థ అంతశ్శక్తికి పీడన ఘనపరిమాణాల లబ్ధాన్ని కలిపిన రాశి, స్థిర పీడనం వద్ద మాత్రమే దాని మార్పు ఇచ్చిపుచ్చుకున్న వేడికి సమానం. అరువు మాటను అలాగే ఉంచటం ఇక్కడ మేలు. ఉష్ణోగ్రత మాత్రం చక్కని కల్పన: ఉష్ణ, ఉగ్రత కలిసి గుణసంధి. ఉష్ణం ఎంత అన్నది వేరు, దాని తీవ్రత ఎంత అన్నది వేరు అని ఆ సంధే చెబుతుంది.

ఋణాత్మకమా, రుణాత్మకమా అన్నది మీరు అడగలేదు గాని వాడుకలో రెండూ ఉన్నాయి. నేను ఋకారమే రాస్తాను. రుకారం రాసినా తప్పు పట్టను, ఒకే కాగితంలో రెండూ రాయకుంటే చాలు.