దెయ్యానికి ముందు కుర్చీ

పర్లాకిమిడి

చిరంజీవికి ఆశీస్సులు.

గుణుపురం నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది, అమ్మా. భాష శుభ్రంగా ఉంది. ఇక నాకు కోపం తెప్పించిన సంగతికి వస్తాను. 1982 నాటి ‘పోల్టర్‌గైస్ట్’ అనే హాలీవుడ్ దెయ్యం సినిమాను 2015లో మళ్ళీ తీసి చెడగొట్టారని నాలుగు పేజీలు రాశావు గానీ, అందులో మూడు పేజీలు గ్రాఫిక్సు నాసిగా ఉన్నాయన్న ఫిర్యాదుకే సరిపోయాయి. గ్రాఫిక్సు బాగుంటే ఆ సినిమా భయపెట్టేదా?

పాత చిత్రంలో వంటగది దృశ్యాన్ని మరొకసారి చూడు. తల్లి కుర్చీలను బల్ల కిందికి నెట్టి, సింకు దగ్గరకు వెళ్ళి ఏదో తీసుకొని, ఇటు తిరిగేసరికి ఆ కుర్చీలన్నీ బల్ల మీద గుట్టగా పేర్చి ఉంటాయి. మధ్యలో కట్ లేదు. కెమెరా ఆమె వెంట వెళ్ళి తిరిగివచ్చే ఆ కొద్ది క్షణాలలోనే పనివాళ్ళు చప్పుడు కాకుండా ఆ పని ముగించారు. ఎన్నిసార్లు చూసినా నా ఒళ్ళు జలదరిస్తుంది, ఎందుకంటే ఆమెతోపాటు మనమూ అటు తిరిగి ఉన్నాం. కొత్త చిత్రం మనల్ని అటు తిరగనివ్వదు. దెయ్యాలు ఎత్తుకుపోయిన కూతురి కోసం నడుముకు తాడు కట్టుకొని తల్లి వెళ్ళిన ఆవలి లోకం ఎలా ఉంటుందో పాతదానిలో చూపలేదు. కొత్తదానిలో డ్రోను పంపి మరీ చూపించారు. ఇంటిపని రాయడం చేతకానివాడు దెయ్యం కథ జోలికి పోకూడదన్నది నా వాదన, దానిని ఎవరు మొండితనమన్నా సరే.

ఈ వాదనతో నేను నష్టపోయాను కూడా. ఇరవై ఆరేళ్ళ వయసులో, మహేంద్రతనయ ఒడ్డున ఉన్న మా ఇంటి మీద ఒక కథ రాశాను. అందులో అమ్మ రాత్రిపూట ఏడు ఇత్తడి గ్లాసులు చింతపండుతో తోమి, గట్టు మీద వరుసగా బోర్లించి పడుకుంటుంది. తెల్లవారి చూస్తే వాటిలో ఒకటి నిలబడి, అంచుదాకా నీళ్ళతో ఉంటుంది. తోమడానికే ఒక పేజీ పట్టింది. తిరుగు టపాకు బిళ్లలు జతచేసి ఒక వారపత్రికకు పంపితే, సంపాదకులవారు ఆ పేజీని సాగతీత అంటూ ఎత్తివేసి, మిగిలినచోట ‘తోమడం’ అన్న మాటను ‘శుభ్రపరచడం’గా దిద్ది (వాడుక భాష కోసం పోరాడిన గిడుగువారు పాఠాలు చెప్పిన ఊరి నుంచి వెళ్ళిన కథకు ఆ గతి!), పైన తెల్లచీర కట్టిన ఆడమనిషి బొమ్మ వేయించి అచ్చువేశారు. అమ్మకు చదివి వినిపిస్తే, “బోర్లించినట్టు రాయనేలేదు, మరి గ్లాసు నిలబడితే వింతేముంది?” అని అడిగింది. మొదటి వాక్యంలోనే శవం ఉండాలనే ఇప్పటి సంపాదకులు ఆయన వారసులే.

నువ్వు అడిగిన కలంపేరు సంగతీ, ఒడియాలో కూడా రాయాలా అన్న సంగతీ తరువాత చూద్దాం.

పాత చిత్రంలో ప్రసారం ముగిసి, జాతీయగీతం అయిపోయి, చుక్కలు మాత్రమే మిగిలిన టీవీతో పసిపిల్ల మాట్లాడుతుంది. చివరికి తండ్రి హోటలు గదిలోని టీవీని వరండాలోకి నెట్టేస్తాడు. నీ వ్యాసంలో ఆఖరి పేరాలో, ఏమీ కానట్టు, “అర్ధరాత్రి చుక్కలు రాగానే మా నాయనమ్మ టీవీ మీద తువ్వాలు కప్పేసేదట” అని ఒక్క వాక్యం రాసి వదిలేశావు. అది చదివి నేను కాసేపు కాగితం పక్కన పెట్టాను. గ్రాఫిక్సు పేజీలు మూడూ కొట్టివేసి, అక్కడినుంచి మొదలుపెట్టు. ఆ తువ్వాలు ఏ రంగుదో, పగలు దానిని దేనికి వాడేవారో నువ్వు రాయలేదు. మీ నాయనమ్మను అడిగి రాయి.