ఒక్క బిడ్డ కోసం టీకా సీసా తెరవాలా? ప్రభుత్వ ఆరోగ్య సేవలపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఉపకేంద్రాలు, పీహెచ్‌సీలు (ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు), బస్తీ దవాఖానాల గురించే. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ వైద్యంలో ఈ కొన్నేళ్లలో ఏం మారింది, అక్కడి సిబ్బంది ఏం సాధించారు, ఇంకా ఎక్కడ పొరపాట్లు జరుగుతున్నాయి అని అడిగారు. వాటిలో ఆరింటికి జవాబులివి.

ప్రశ్న: మా పాపకి క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా వేయించడానికి వెళితే, "ఇవాళ మీ పాప ఒక్కతే వచ్చింది, సీసా తెరిస్తే మిగతా డోసులు పాడవుతాయి, వచ్చే బుధవారం రండి" అని పంపేశారు. అదే రోజు పక్కింటి బాబుకి మాత్రం పోయిన వారం తెరిచిన సీసాలోంచి పెంటావాలెంట్ (ఐదు జబ్బుల టీకా) వేశారు. ఏది సరైన పద్ధతి?
— ఒక తల్లి, ప్రకాశం జిల్లా

జవాబు: పక్కింటి బాబు విషయంలో చేసింది సరైనదే. మీ పాపను వెనక్కి పంపడమే తప్పు. ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాలన్నది జాతీయ టీకా కార్యక్రమ నియమం. బీసీజీలో సగం డోసులు వృథా అవుతాయని ముందే లెక్కగట్టి సరఫరా చేస్తారు. వంద మంది పిల్లలుంటే రెండు వందల డోసులు ఇండెంటు పెట్టొచ్చు. కాబట్టి పది డోసుల సీసాలో తొమ్మిది పారబోసినా టీకాలు వేసే ఏఎన్ఎం నర్సును తప్పుపట్టకూడదు. వృథా లెక్క చూపి కిందివాళ్లను భయపెట్టే సమీక్షల వల్లే పిల్లలు వెనక్కి పోతున్నారు.

రెండు టీకాలకూ తేడా ఎందుకంటే, బీసీజీ, మీజిల్స్ రుబెల్లా టీకాలు పొడిగా వస్తాయి, వాటిలో సూక్ష్మక్రిముల్ని ఆపే నిల్వ మందు ఉండదు. ద్రావకం కలిపాక 4 గంటలు దాటితే లోపల క్రిములు పెరగొచ్చు. అలాంటి మందు ఎక్కిస్తే బిడ్డకు కొన్ని గంటల్లోనే వాంతులు, విరేచనాలు, తీవ్ర జ్వరం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే కలిపిన సమయాన్ని సీసా మీద రాయాలి, 4 గంటలకు గానీ ఆ పూట టీకాల పని ముగిసేసరికి గానీ, ఏది ముందైతే అప్పుడు పారేయాలి. పెంటావాలెంట్, డీపీటీ, టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి టీకా), హెపటైటిస్ బి, పోలియో చుక్కలు తెరిచాక 28 రోజుల వరకు వాడొచ్చు. అయితే తెరిచిన తేదీ రాసి ఉండాలి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచి ఉండాలి, రబ్బరు మూత నీళ్లలో మునిగి ఉండకూడదు.

తల్లిదండ్రులు కూడా పోల్చుకోగల గుర్తు ఒకటుంది. సీసా మీద చిన్న వలయం, దాని మధ్యలో చదరం కనిపిస్తాయి. దాన్ని వీవీఎం అంటారు. చదరం వలయం కంటే లేతగా ఉన్నంతవరకు వాడొచ్చు. రెండూ ఒకే రంగుకు వచ్చాయంటే ఎండదెబ్బ తగిలినట్టే, వాడకూడదు. ఆ గుర్తు మూత మీద ఉందంటే తెరిచాక దాచకూడని టీకా. లేబుల్ మీద ఉందంటే దాచదగినది.

వీవీఎం వేడిని పట్టిస్తుంది కానీ గడ్డకట్టడాన్ని పట్టించదు. పెంటావాలెంట్, టీడీ, హెపటైటిస్ బి ఒక్కసారి గడ్డకట్టాయంటే ఇక పనికిరావు. ఇది ఎక్కువగా జరిగేది టీకా క్యారియర్‌లోనే. డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్‌ప్యాకుల్ని అలాగే పెట్టేస్తారు. బయట ఉంచి, పైన చెమట పట్టి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్లు కదిలే చప్పుడు వినిపించాకే నాలుగు ప్యాకులూ సర్దాలి. పొద్దున్నే బండికి టైమవుతుందన్న తొందరలో తప్పిపోయేది ఈ మెట్టే.

సిబ్బంది సాధించిన దాని గురించీ కొందరు పాఠకులు అడిగారు. 2021 జూన్ 20న ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క రోజులోనే 13 లక్షలకు పైగా కొవిడ్ టీకాలు వేశారు. కొత్త యంత్రాలేవీ లేకుండా, ఏళ్ల తరబడి బుధ, శనివారాల్లో పిల్లలకు టీకాలు వేసిన చేతులే ఆ పని చేశాయి. పది డోసుల కొవిడ్ టీకా సీసాలో తయారీదారు మందు కొంచెం ఎక్కువే పోస్తాడు. గాలిబుడగ రాకుండా నిదానంగా లాగే నర్సు పదకొండో డోసు తీయగలదు. కేరళ నర్సులు అలా తీసి దేశం మెప్పు పొందారు.

ప్రశ్న: మా పీహెచ్‌సీ గోడ మీద 'ఎన్‌క్వాస్ సర్టిఫైడ్' అని బోర్డు పెట్టారు. రంగులు వేయిస్తే ఇచ్చేస్తారా, నిజంగా ఏమైనా చూస్తారా?
— ఒక రిటైర్డు ఉపాధ్యాయుడు, జనగామ జిల్లా

జవాబు: చూస్తారు, అదీ చాలా లోతుగా. ఎన్‌క్వాస్ అంటే జాతీయ నాణ్యతా ప్రమాణాలు. అందే సేవలు, రోగుల హక్కులు, వసతులు, సహాయక సేవలు, వైద్యం, ఇన్‌ఫెక్షన్ల నివారణ, నాణ్యత నిర్వహణ, ఫలితాలు అని ఎనిమిది విభాగాలుంటాయి. ప్రతి అంశానికీ పూర్తిగా ఉంటే 2, సగం ఉంటే 1, లేకపోతే 0 వేస్తారు. మొత్తం మీద 70 శాతం దాటాలి. సర్టిఫికెట్ 3 ఏళ్లు చెల్లుతుంది, మధ్యలో మళ్లీ తనిఖీ ఉంటుంది. కళ్లతో చూడడం, రికార్డులు తిరగేయడం, సిబ్బందిని అడగడం, రోగిని అడగడం అనే నాలుగు దారుల్లోనూ పరీక్షిస్తారు. స్వీపరును కూడా "బ్లీచింగ్ ద్రావణం ఎలా కలుపుతావు?" అని అడుగుతారు.

మార్కులు ఎక్కువగా పోయేది అక్కడే. సుమారు 33 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పొడితో 0.5 శాతం ద్రావణం కావాలంటే లీటరు నీళ్లకు 15 గ్రాములు, 1 శాతం కావాలంటే 30 గ్రాములు వేయాలి. ఏ రోజుకారోజు కలుపుకోవాలి. మూత తీసి ఎండలో ఉంచిన పొడిలో క్లోరిన్ ఎగిరిపోతుంది. అప్పుడు కొలత సరిగ్గా వేసినా క్రిములు చావవు.

చెత్త వేరుచేయడం దగ్గర ఇంకో తప్పు చేస్తారు. నెత్తురంటిన దూది, మాయ పసుపు సంచిలోకి వెళ్లాలి. సూది తీసేసిన సిరంజిలు, గొట్టాలు, గ్లౌజులు ఎర్ర సంచిలోకి వెళ్లాలి. సూదుల్ని చిల్లుపడని తెల్ల డబ్బాలో, గాజు సీసాల్ని నీలం డబ్బాలో వేయాలి. సూది ఊడదీయకుండా సిరంజిని ఎర్ర సంచిలో పడేస్తే అది ఆ సంచి మోసే మనిషి చేతిలో దిగుతుంది.

శుభ్రతకు విడిగా 2015 మే 15న మొదలైన కాయకల్ప పథకం ఉంది. దాని అవార్డు సొమ్ములో 25 శాతం సిబ్బందికి చెందుతుంది, మిగతాది ఆసుపత్రి బాగుకి. బోర్డు వచ్చాక మీలాంటి పెద్దలు చేయగల పని ఒకటుంది. ఆసుపత్రి అభివృద్ధి సంఘం సమావేశానికి వెళ్లి, తనిఖీలో 0 పడిన అంశాలేవో చెప్పమనండి. ఆ జాబితా దాచాల్సిన కాగితమేం కాదు.

ప్రశ్న: మా కోడలికి ఎనిమిదో నెల. సర్కారు దవాఖానాల మిడ్‌వైఫ్ కాన్పు చేస్తదంటున్నరు. డాక్టరు ఉండంగ మంత్రసాని ఎందుకు?
— ఒక అత్త, కరీంనగర్

జవాబు: అమ్మా, మిడ్‌వైఫ్ అంటే పాతకాలపు మంత్రసాని కాదు. నర్సింగ్ చదివి, ఆపైన కాన్పుల మీదే 18 నెలలు శిక్షణ పొందిన నర్సు. దీనికి నాంది పలికింది మీ ఊరే. 2017లో కరీంనగర్‌లో 30 మంది నర్సులతో మొదటి జట్టు మొదలైంది. ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్ తోడ్పడ్డాయి. కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫ్ మార్గదర్శకాలు ఇచ్చింది ఆ తర్వాతి ఏడాది.

దీని అవసరం అంకెల్లో కనిపిస్తుంది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ప్రైవేటులో 81.5, ప్రభుత్వంలో 44.5. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం 42.4 శాతం. ముహూర్తం చూసి కోయించుకునే ఇళ్లు కూడా ఇందులో ఉన్నాయి. 39 వారాలు నిండకుండా మంచి ఘడియ కోసం బయటికి తీసిన బిడ్డకు ఊపిరితిత్తులు సిద్ధంగా ఉండకపోవచ్చు. ఆ ఘడియ బిడ్డకు మేలు చేయదు.

మిడ్‌వైఫ్ చూసేది ఇబ్బందులేవీ లేని గర్భిణులనే. నొప్పుల్లో నడిపిస్తుంది, పెద్ద బంతి మీద కూర్చోబెడుతుంది, తోడుగా ఇంటి మనిషిని ఉండనిస్తుంది. వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు వెనకనున్న పెద్ద రక్తనాళాన్ని నొక్కుతుంది, బిడ్డకు దారి కూడా కాస్త ఇరుకవుతుంది. అందుకే పక్కకు తిరిగి గానీ గొంతుక్కూర్చుని గానీ కననిస్తుంది. అరగంటకోసారి నొప్పి తగ్గగానే బిడ్డ గుండె చప్పుడు లెక్కపెడుతుంది. నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉండాలి. బీపీ 140/90కి చేరినా, ఉమ్మనీరు పచ్చగా వచ్చినా, రక్తం పోతున్నా, గుండె చప్పుడు తగ్గినా వెంటనే డాక్టరుకు అప్పగిస్తుంది. మీ కోడలికి ముందు సిజేరియన్ జరిగి ఉంటే, బిడ్డ ఎదురుకాళ్లతో ఉంటే మొదటినుంచీ డాక్టరే చూడాలి.

ప్రశ్న: కాన్పు కాగానే గర్భసంచి ముడుచుకునేందుకు ఆక్సిటోసిన్ ఇస్తున్నా మా దగ్గర కొందరు బాలింతలకు రక్తస్రావం ఆగడం లేదు. ఎక్కడ పొరపాటు?
— ఒక స్టాఫ్ నర్సు, అల్లూరి జిల్లా

జవాబు: ముందు ఆంప్యూల్ ఎక్కడ ఉంచుతున్నారో చూడండి. ఆక్సిటోసిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. లేబర్ రూము ట్రేలో వారం రోజులు ఎండాకాలం వేడిలో పడున్న మందు రంగు మారదు కానీ బలం పోతుంది. కాన్పు దగ్గరపడ్డాకే ఫ్రిజ్‌లోంచి తీయండి. అడవి దారుల్లో కరెంటు పోయే కేంద్రాలైతే టీకాలు దాచే ఐఎల్‌ఆర్ ఫ్రిజ్ ఉన్న గదికి లేబర్ రూము ఎంత దూరమో కూడా ఆలోచించి పెట్టుకోవాలి.

వరస ఇదీ: బిడ్డ బయటపడగానే పొత్తికడుపు తడిమి రెండో బిడ్డ లేదని తేల్చుకోవాలి. నిమిషంలోపు 10 యూనిట్లు తొడ కండకు ఇవ్వాలి. 1 నుంచి 3 నిమిషాల మధ్య బొడ్డుతాడు బిగించాలి. గర్భసంచి గట్టిపడినప్పుడే, జఘనాస్థి (పొత్తికడుపు కింది ఎముక) పైన ఒక చేత్తో ఆనించి, రెండో చేత్తో తాడును మెల్లగా లాగాలి. గట్టిపడకముందే లాగితే గర్భసంచి తిరగబడే ప్రమాదం ఉంది. మాయ పూర్తిగా వచ్చిందో లేదో పరిచి చూడాలి. రెండు గంటల పాటు ప్రతి 15 నిమిషాలకూ గర్భసంచి గట్టిగా ఉందో లేదో పట్టి చూడాలి. మూత్రాశయం నిండి ఉంటే గర్భసంచి ముడుచుకోదు. దీన్ని చాలామంది మరిచిపోతారు.

రెండో లోపం అంచనాలో. గుడ్డలో ఇంకిన రక్తాన్ని కంటితో చూస్తే సగమే అనిపిస్తుంది. 2023లో వెలువడిన ఈ-మోటివ్ అధ్యయనం ఆఫ్రికాలోని నాలుగు దేశాల్లో రెండు లక్షల మందికి పైగా తల్లులపై జరిగింది. గీతలున్న ప్లాస్టిక్ సంచిని బాలింత కింద పరిచి రక్తాన్ని కొలిచి, గర్భసంచి మర్దన, ఆక్సిటోసిన్, రక్తస్రావాన్ని ఆపేందుకు ఇచ్చే ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, పరీక్ష అన్నీ వరుసగా వెంటనే ఒకేసారి మొదలుపెడితే తీవ్ర రక్తస్రావం, దానివల్ల వచ్చే ముప్పు 60 శాతం తగ్గింది. ట్రానెక్సామిక్ యాసిడ్ 1 గ్రాము, కాన్పయిన 3 గంటలలోపే ఇవ్వాలి. ఆలస్యమైన ప్రతి పావుగంటా దాని ఫలితాన్ని తగ్గిస్తుంది.

మీ పని ఎంత దూరం వచ్చిందో కూడా తెలియాలి. 2014-16లో ప్రాణంతో పుట్టిన లక్ష మంది బిడ్డలకు తల్లుల మరణాలు ఆంధ్రప్రదేశ్‌లో 74, తెలంగాణలో 81. 2018-20 నాటికి అవి 45కు, 43కు దిగాయి. అప్పటికి దేశ సగటు 97.

ప్రశ్న: బస్తీ దవాఖానాలో ఇచ్చిన రక్తానికి షుగర్ తక్కువ వచ్చింది, బయట ల్యాబులో ఎక్కువ వచ్చింది. ఏది నమ్మాలి?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: రెండు యంత్రాలూ సరైనవే కావచ్చు, దారిలో గడిచిన సమయమే తేడా తెచ్చి ఉంటుంది. 2018లో బస్తీ దవాఖానాలు, ఉచిత పరీక్షల పథకం తెలంగాణ డయాగ్నస్టిక్స్ మొదలైనప్పుడు 57 రకాల పరీక్షలు ఉచితం. తర్వాత 134 అయ్యాయి. రక్తం ఒకచోట తీసి, పరీక్ష మరోచోట చేసే పద్ధతిది. మామూలు ట్యూబులో ఉన్న రక్తంలో కణాలు గంటకు 5 నుంచి 7 శాతం గ్లూకోజును తినేస్తాయి. అందుకే షుగరుకు బూడిదరంగు మూత ఉన్న ఫ్లోరైడ్ ట్యూబే వాడాలి. రక్తం తీసేటప్పుడు మూత రంగు చూసుకోండి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీకి ఊదారంగు ట్యూబు, దానికి ఈ ఇబ్బంది లేదు. అనుమానముంటే అదే చేయించండి.

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం. ఇంటింటి పరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ నాకు 1.5 వచ్చింది. డయాలసిస్ తప్పదా?
— ఒక జీడితోట కూలీ, వజ్రపుకొత్తూరు మండలం

జవాబు: ఒక్క పరీక్షతో ఏదీ తేలదు, కంగారుపడకండి. మూడు నెలలు దాటినా అలాగే ఉంటేనే దీర్ఘకాల కిడ్నీ జబ్బంటారు. ఎండలో చెమటోడ్చి నీళ్లు తాగకుండా వచ్చి ఇచ్చిన రక్తంలో క్రియాటినిన్ ఎక్కువ చూపించవచ్చు. ముందురోజు విశ్రాంతి తీసుకుని, సరిపడా నీళ్లు తాగి, రెండు మూడు వారాల్లో మళ్లీ చేయించండి. దాంతోపాటు మూత్రంలో అల్బుమిన్ పరీక్ష అడగండి. ఉద్దానంలో చాలామందికి వాపులు, బీపీ లేకుండానే జబ్బు ముదురుతుంది. బాగానే ఉన్నానని వదిలేయడమే అక్కడ చేటు చేస్తోంది.

ఒళ్లు నొప్పులకు కొట్లో కొనే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు, సూదులు ఈరోజే మానేయండి. తప్పనిసరైతే డాక్టరును అడిగి పారాసెటమాల్ వాడండి. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న మొదలయ్యాయి. వంశధార నీటిని హిరమండలం నుంచి గొట్టాల ద్వారా తెచ్చే పథకం కూడా అప్పుడే అందుబాటులోకి వచ్చింది. రెండో పరీక్షలోనూ ఎక్కువే వస్తే పాత రిపోర్టులన్నీ పట్టుకుని అక్కడికి వెళ్లండి. తేదీలవారీగా అంకెలు చూస్తేనే జబ్బు ఎంత వేగంగా నడుస్తోందో డాక్టరుకు తెలుస్తుంది.