మీ దుకాణం కాటాలోనూ ఉంది, పాప చదువుతానంటున్న చిప్

ప్రశ్న: మాది ఖమ్మం దగ్గర ఊరు, ఎరువుల దుకాణం ఉంది. పాప హైదరాబాద్‌లో ఈసీఈ మూడో సంవత్సరం, 8.4 సీజీపీఏ. గేట్ రాసి ఎంటెక్‌లో చేరి, వైడ్‌బ్యాండ్ సిగ్నల్స్‌కి ఏడీసీలు డిజైన్ చేస్తానంటోంది. అదేం పనో నాకు అర్థం కావడం లేదు. మా బావమరిది కొడుకు ఆరు నెలల వీఎల్‌ఎస్‌ఐ వెరిఫికేషన్ కోర్సు చేసి మంచి జీతంతో చేరాడు. అదే ఇన్‌స్టిట్యూట్‌లో ఇప్పుడే అడ్వాన్సు కడితే ఫీజు తగ్గిస్తామంటున్నారు. పాప లైన్ పడితే బెంగళూరు పోవాలట. ఆడపిల్ల కదా, టెన్షన్‌గా ఉంది. రెండింటినీ పోల్చి చెప్పండి.

జవాబు: ఊరు మారుతుంది, కోర్సు పేరు మారుతుంది, ఈ ప్రశ్న మాత్రం నాకు ఏటా వస్తూనే ఉంటుంది. పోలిక తర్వాత చూద్దాం. మీరు రాసినదాంట్లో అసలు మాట "అదేం పనో నాకు అర్థం కావడం లేదు" అన్నది. సాఫ్ట్‌వేర్ అయితే ఊళ్లో పదిమందిని అడగొచ్చు. ఏడీసీ అంటే ఎవర్ని అడుగుతారు? రేపు తేడా వస్తే పాపకు ఏ రకంగా సాయపడతారు? మీ భయం అది. కాబట్టి ముందు పనేమిటో చెప్తాను.

మీ దుకాణంలో ఎలక్ట్రానిక్ కాటా ఉండే ఉంటుంది. బస్తా పెట్టగానే అడుగున లోడ్ సెల్‌లో చిన్న వోల్టేజీ మార్పు వస్తుంది. దాన్ని అంకెగా మార్చే చిప్పే ఏడీసీ, అంటే అనలాగ్ టు డిజిటల్ కన్వర్టర్. చవక కాటాల్లో తరచు కనబడే చిప్ సెకనుకు 10 సార్లో 80 సార్లో కొలుస్తుంది. తీరిగ్గా కొలుస్తుంది కాబట్టి 24 బిట్ల అంకె ఇవ్వగలుగుతుంది. బిట్లు ఎక్కువైతే కొలత అంత సూక్ష్మం. మీ పాప చేస్తానంటున్నదీ కొలతే. కాకపోతే 5జీ మిల్లీమీటర్ వేవ్ బ్యాండ్లలో ఒక్కో ఛానెల్ 400 మెగాహెర్ట్జ్ వెడల్పు దాకా ఉంటుంది. దాన్ని ఒకే కన్వర్టర్‌తో పట్టాలంటే ఆ వెడల్పుకు రెట్టింపు, అంటే సెకనుకు 80 కోట్ల సార్లకు పైగా కొలవాలి.

అంత వేగంలో బిట్లు పెంచుకుంటూ పోతే పని కాదు. కొలిచే క్షణం కాస్త అటూ ఇటూ అయినా అంకె తప్పుతుంది. 1 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని కొలిచేటప్పుడు ఆ క్షణాన్ని చెప్పే క్లాక్ 1 పికోసెకను (సెకనులో లక్ష కోట్లవ వంతు) ఊగిందంటే, చిప్ మీద 14 బిట్లని రాసున్నా పనికొచ్చేవి సుమారు 7. ఆ ఊగిసలాటను పదో వంతుకు తగ్గిస్తే 10 దాకా వస్తాయి. పికోసెకనులో వెలుగే 0.3 మిల్లీమీటర్లు పోతుంది, చూసుకోండి. దానికి తోడు 5జీలో వాడే ఓఎఫ్‌డీఎం సిగ్నల్ (ఎన్నో చిన్న సిగ్నళ్లను కలిపి పంపే పద్ధతి) ఉన్నట్టుండి సగటు కంటే 10, 12 డెసిబెళ్లు పైకి లేస్తుంది. ఆ పోట్లకు చోటు వదలడానికే దాదాపు 2 బిట్లు ఖర్చు. వేగానికి ఒక్క కన్వర్టర్ చాలకపోతే నాలుగో ఎనిమిదో పెట్టి వంతులవారీగా కొలిపిస్తారు. వాటిలో ఒకటి లేశమంత ఆలస్యమైనా, అసలు లేని సిగ్నల్ ఒకటి స్పెక్ట్రమ్‌లో (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో చూపే బొమ్మలో) గీతలా లేచి కూర్చుంటుంది. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో పట్టుకుని, సర్క్యూట్‌లోనో తర్వాత డిజిటల్‌గానో సరిచేయాలి. ఈ ఉద్యోగంలో రోజులు గడిచేది ఇలాంటి వాటితోనే.

ఇక వెరిఫికేషన్. వీఎల్‌ఎస్‌ఐ అంటే చిప్ డిజైన్, అందులో వెరిఫికేషన్ అంటే డిజైన్ చేసిన చిప్ సరిగ్గా పనిచేస్తుందో లేదో తయారీకి ముందే పరీక్షించడం. అది మంచి పనే, ఉద్యోగాలూ ఎక్కువే, హైదరాబాద్‌లోనే దొరుకుతాయి. నా అనుమానమంతా ఆ ఆరు నెలల కోర్సు మీద. ఆ పరీక్షలు రాసే భాష సిస్టమ్ వెరిలాగ్, వాటిని రాసే పద్ధతి యూవీఎం చెప్తారు, కాదనను. కానీ బ్యాచ్ మొత్తానికీ ఒకటే ప్రాజెక్టు. ఆ రూటర్ ప్రాజెక్టు ఉన్న రెజ్యూమెలు నేను చూసీ చూసీ విసిగిపోయాను, ఇంటర్వ్యూ చేసేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ప్రాజెక్టులో ఒక్క లైను మార్చి "ఇప్పుడేమవుతుంది?" అని అడిగితే చాలామంది అక్కడే ఆగిపోతారు. సెమీకండక్టర్ల వార్తలు రోజూ పేపర్లో వస్తున్నాయి కదా అని వీధికో వీఎల్‌ఎస్‌ఐ బోర్డు లేచింది. హోర్డింగ్ మీద ఉద్యోగం వచ్చినవాళ్ల ఫొటోలుంటాయి, రానివాళ్లవి ఎవరు పెడతారు? మీ మేనల్లుడికి వచ్చిందంటే సంతోషం. ఆ బ్యాచ్‌లో మిగతావాళ్లు ఏం చేస్తున్నారో అతణ్ణే అడగండి. ఉద్యోగం రాకపోతే ఫీజు ఎంత వెనక్కిస్తారో కాగితం మీద రాసివ్వమనండి. ఈ రెండూ తేలకుండా అడ్వాన్సు కట్టొద్దు.

ఒక మాట కటువుగానే అంటాను, ఏమనుకోకండి. మీ బావమరిది కొడుకు జీతం గురించి రాశారు. మీ పాప మార్కులు రాశారు. ఆ అమ్మాయికి ఈ సబ్జెక్టు మీద ఇష్టం ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఇప్పటిదాకా ఏం చేసి చూసిందో ఒక్క ముక్క లేదు. అడిగారా అసలు? "ఆడపిల్ల కదా" అంటారా, అబ్బాయైతే బెంగళూరు దూరమని ఈ ప్రశ్నే పంపేవారు కాదు. ఏడీసీల్లాంటి అనలాగ్ చిప్‌లు చేసే టీములు ఎక్కువగా అక్కడే ఉన్నాయి. చిప్‌ల కంపెనీ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1985లోనే బెంగళూరులో డిజైన్ సెంటర్ పెట్టింది. ఖమ్మం నుంచి ఒక రాత్రి ప్రయాణం, అంతే.

పాప దారిలో కష్టాలూ ఉన్నాయి. ఖాళీలు తక్కువ. ఎంటెక్ లేకుండా డిజైన్ టీములోకి తీసుకోవడం అరుదు. చేరాక మొదటి రెండు మూడేళ్లు పని నేర్చుకోవడానికే పోతాయి. కానీ ఇక్కడ చేయి తిరిగినవాళ్లను కంపెనీలు అంత తేలిగ్గా వదులుకోవు. పైగా ఈ కాలపు ఏడీసీల్లో సగం తెలివి డిజిటల్ కరెక్షన్‌లోనే ఉంటుంది కాబట్టి పాప డిజిటల్ సర్క్యూట్లు రాసే భాష వెరిలాగ్, ప్రోగ్రామింగ్ భాష పైథాన్ ఎలాగూ నేర్చుకుంటుంది. రెండేళ్ల తర్వాత మనసు మారితే వెరిఫికేషన్‌లోకి వెళ్లొచ్చు. అటునుంచి ఇటు రావడమే కష్టం. గేట్ మార్కులతో సీటొస్తే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది, పెద్ద అప్పు చేయాల్సిన పనీ ఉండకపోవచ్చు.

గేట్ సిలబస్, కటాఫ్‌ల జోలికి నేను పోను, అవి పాపకు తెలుసు. కాలేజీ ఎంచుకునేటప్పుడు మాత్రం కోర్సు పేరులో వీఎల్‌ఎస్‌ఐ ఉందని మురిసిపోవద్దు. చాలాచోట్ల ఆ పేరుతో చెప్పేది డిజిటలే. అక్కడి ప్రొఫెసర్లు అనలాగ్ చిప్‌లు నిజంగా టేపౌట్ చేయించారా, అంటే డిజైన్ ముగించి ఫ్యాక్టరీలో తయారీకి పంపారా లేదా చూసుకోమనండి.

ఇష్టం నిజమా, మోజా అన్నది ఈ సెమిస్టర్‌లోనే తేలిపోతుంది, పైసా ఖర్చు లేకుండా. ఐఐటీ మద్రాస్ ప్రొఫెసర్ శాంతి పవన్ డేటా కన్వర్టర్ల పాఠాలు ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. చిప్ ఫ్యాక్టరీ స్కైవాటర్ వారి 130 నానోమీటర్ల డిజైన్ కిట్ 2020 నుంచి అందరికీ అందుబాటులో ఉంది, సర్క్యూట్‌ను కంప్యూటర్‌లోనే నడిపి చూసే ఎన్‌జీస్పైస్ కూడా ఫ్రీయే. ఒక శాంపుల్ అండ్ హోల్డ్ సర్క్యూట్ (సిగ్నల్‌ని ఒక క్షణంలో పట్టి ఆపేది) కట్టి, 1024 శాంపిళ్లు తీసి, అందులో ఏయే ఫ్రీక్వెన్సీలున్నాయో చూపే ఎఫ్‌ఎఫ్‌టీ లెక్క వేయమనండి. 1024 శాంపిళ్లలో సరిగ్గా 127 సైకిళ్లు పట్టేలా ఇన్‌పుట్ పెడితే గీత నిటారుగా వస్తుంది, 127న్నర పెడితే చెదిరిపోతుంది. ఎందుకలా అయిందో తేల్చుకోవడానికి రాత్రి పదకొండు దాకా కూర్చుందంటే గేట్ ఫీజు కట్టేయండి. రెండు వారాలకే విసుగొస్తే వెరిఫికేషన్ గురించి నాకు మళ్లీ రాయండి, ఫీజు గోల లేని దారులు అందులోనూ ఉన్నాయి.