చెవిలో ప్లగ్గులు సరే, ముందు ఆ చుక్కలు ఆపండి

ప్రశ్న: మాది రాయగడ. ఇల్లు రైలు పట్టాలకు దగ్గర. రాత్రంతా గూడ్సు బళ్లు, హారన్లు. దానికి తోడు మావారి గురక. ఆరు నెలలుగా చెవుల్లో స్పాంజి ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుని పడుకుంటున్నాను. నిద్ర బాగానే పడుతోంది. ఈ మధ్య కుడిచెవి దురదగా, దిబ్బడగా ఉంటోంది. మందుల షాపులో చుక్కలు ఇచ్చారు. వేస్తే నాలుగు రోజులు తగ్గి మళ్లీ వస్తోంది. వయసు 48. షుగర్‌కి మాత్రలు వాడుతున్నాను. రోజూ ప్లగ్స్ పెట్టుకుంటే చెవుడు వస్తుందా? ఏ కంపెనీవి మంచివి?
– ఒక పాఠకురాలు

జవాబు: ప్లగ్స్ వల్ల చెవుడు రాదమ్మా. శుభ్రంగా వాడుకుంటే, చెవిలో వేరే జబ్బు లేకపోతే, రోజూ పెట్టుకున్నా చాలామందికి ఇబ్బంది ఉండదు. కంపెనీ పేరు మాత్రం ఇక్కడ రాయను.

నాకు దిగులు ప్లగ్స్ గురించి కాదు. షుగర్ ఉంది, ఒక్క చెవే బాధపెడుతోంది, ఎవరూ చెవిలోకి చూడకుండానే చుక్కలు పడుతున్నాయి. ఈ మూడూ ఒకచోట చేరడం నాకు నచ్చలేదు. చూడకుండా ఇదే జబ్బని చెప్పలేను. మీ లక్షణాలకు ఎక్కువగా కనిపించే కారణాలు రెండు. ఒకటి, గులిమి లోపలికి జరిగి గడ్డకట్టడం. గులిమి మామూలుగా తనంతట తానే బయటికి వస్తుంది, రోజూ ప్లగ్ దూరిస్తే దాన్ని వెనక్కి నెడుతున్నట్టే. రెండోది ఫంగస్. స్నానం చేసిన తడిచెవిలో ప్లగ్ పెట్టి రాత్రంతా మూసేస్తే, తడిబట్టలు మూటకట్టి మూల పడేసినట్టే. పైగా మన వైపు వానాకాలంలో గాలిలోనే చెమ్మ.

షాపులో ఇచ్చే చుక్కల్లో చాలావాటిలో యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిసి ఉంటాయి. స్టెరాయిడ్ వల్ల దురద వెంటనే తగ్గుతుంది. ఫంగస్ అయితే అది లోపల ఇంకా పెరుగుతుంది. తగ్గి మళ్లీ వస్తోందని మీరే రాశారు కదా. ఇంకో సంగతి. కర్ణభేరికి చిన్న చిల్లు ఉందనుకోండి, చుక్కల్లో ఉండే జెంటామైసిన్, నియోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు లోపలి చెవికి చేరి వినికిడినే దెబ్బతీసే అవకాశం ఉంది. చిల్లు ఉందో లేదో కౌంటర్ అవతల నిలబడ్డవారికి ఎలా తెలుస్తుంది? మూత తీసిన సీసాను నెల దాటాక పారేయాలి కూడా. మనవాళ్లు అలమారాలో దాచి, ఇంట్లో అందరి చెవుల్లోనూ వేస్తారు. అది ఖాళీ అయ్యాక వెల్లుల్లి కాచిన ఆవనూనె. దురద పెడితే పిన్నీసు, అగ్గిపుల్ల, బండి తాళం. రోజూ చూస్తున్నాను, చెప్పి చెప్పి విసుగొస్తోంది.

షుగర్ ఉన్నవారిలో చెవి ఇన్‌ఫెక్షన్ అరుదుగా ఎముకలోకి పాకుతుంది. ఎక్కువగా సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా చేసే పని ఇది. రాత్రిళ్లు లోలోపల తొలిచేసే నొప్పి, ఆగకుండా చీము, ఆ వైపు ముఖం వాలి మూతి వంకర పోవడం దాని గుర్తులు. మీరు నొప్పి గురించి రాయలేదు కాబట్టి భయపెట్టను. ఇవి కనిపిస్తే మాత్రం అదేరోజు ఆస్పత్రికి వెళ్లండి. అలాగే దిబ్బడంటే గులిమే అనుకుని కూర్చోవద్దు. ఒక చెవి ఉన్నట్టుండి వినపడటం మానేస్తే అది నరం దెబ్బతిన్నదీ కావచ్చు. దానికిచ్చే స్టెరాయిడ్ చికిత్స మొదటి రోజుల్లో మొదలుపెడితేనే ఎక్కువ ఫలితం, రెండు వారాలు దాటితే ఆశ బాగా తగ్గుతుంది. "విశాఖ వెళ్లినప్పుడు చూపించుకుందాంలే" అని పెళ్లి ముహూర్తం దాకా ఆగేవాళ్లే నా దగ్గరికి ఎక్కువ వస్తారు. అంత దూరం వెళ్లక్కర్లేదు. ఊళ్లో ఈఎన్‌టీ డాక్టర్ దొరకకపోతే కోరాపుట్‌లో మెడికల్ కాలేజీ ఉంది. రైలెక్కితే విజయనగరం.

చెవి చూపించుకునేదాకా కుడివైపు ప్లగ్ వద్దు. ఆ తర్వాత డాక్టర్ సరేనంటే చేతులు కడుక్కుని, స్పాంజిని వేళ్ల మధ్య సన్నగా నలిపి, చెవిని పైకి, వెనక్కి లాగి పెట్టుకోండి. కొస కొంచెం బయటికి కనపడాలి. తీసేటప్పుడు ఒక్కసారిగా లాగొద్దు, మెల్లగా తిప్పుతూ తీయండి. స్పాంజివి కొన్నాళ్లకు మార్చేయాలి, ఒకే జత ఆరు నెలలూ వాడుతుంటే ఇవాళే పారేయండి. డబ్బా మీద శబ్దాన్ని 33 డెసిబెల్స్ తగ్గిస్తుందని ఉన్నా అది ప్రయోగశాల లెక్క. ఇంట్లో అంత తగ్గదు, హారన్ దూరంగా వినపడుతుంది. అది మంచిదే. గ్యాస్ లీకైనా, పెద్దవాళ్లు పిలిచినా మీకు తెలియాలిగా.

మీవారి గురక గురించి మీరు ఒక్క మాటే రాశారు. గురక మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడ్డట్టు మళ్లీ అందుకుంటున్నారా? పగలు కూర్చున్నచోటే కునికిపాట్లు, బీపీ ఉన్నాయా? ఉంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు, గుండెకు మంచిది కాదు. నిద్రలో జరిగేది ఆయనకు తెలియదు. చెప్పగలిగేది మీరొక్కరే, మీరేమో చెవులు మూసుకుని పడుకుంటున్నారు! ఒకట్రెండు రాత్రులు ప్లగ్స్ లేకుండా పడుకుని, ఫోన్‌లో రికార్డ్ చేసి డాక్టర్‌కి వినిపించండి.

షాపు చుక్కలు ఇవాళే ఆపండి. చెవి చూపించుకోవడానికి వెళ్లేముందు రెండ్రోజులు నూనె లాంటివి కూడా ఏవీ వేయకండి, వేస్తే లోపల ఏమీ కనపడదు. వాడిన చుక్కల సీసా, ఈ మధ్య చేయించుకున్న షుగర్ రిపోర్టు వెంట ఉంచుకోండి. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చేయించి మూడు నెలలు దాటితే అదీ చేయించుకునే వెళ్లండి.